సముద్రం కింది తీగెకు తాంబూలం

నాలుగు రోజుల పాటు మా వంశంలో ఆఖరి మాట సింగపూరు దామోదరానిది అయింది. ఈ ప్రయాణానికి కారణం అదే కాబట్టి ముందుగా చెబుతున్నాను.

మాది చిత్తూరుకు పడమటి కొండల్లో పాళెగాళ్లు ఏలిన ఒకప్పటి చిన్న పాళెం. కోటగోడలో మిగిలిన ముక్కకు ఆనుకుని ఇప్పుడు టమాటా మండీ నడుస్తోంది. దివాణం కల్యాణమండపం అయింది. మొన్నామధ్య మా ఇంట్లో ఒక శుభకార్యానికి మేమే అడ్వాన్సు కట్టి, మా దివాణంలోకి మేమే ఉదయం తొమ్మిదికి వెళ్లి, నాలుగింటికల్లా ఖాళీ చేసి వచ్చాం. నేను చిత్తూరులో ఒక బెల్లం దుకాణం వెనక రెండు గదుల్లో ఉంటున్నాను. వంశం నుంచి నాకు మిగిలినవి రెండే: మా ఊరి గంగమ్మ జాతరలో తొలి తాంబూలం, భుజం మీద కండువా.

కండువాకు కథ ఉంది. మా ముత్తాతను ఒక కలెక్టరు దొర ఎదుట కండువా తీసి నడుముకు కట్టుకొమ్మన్నారట. ఆయన కట్టుకోలేదట. దాంతో మిగిలిన నాలుగు ఊళ్లూ పోయాయి. పన్ను బాకీ వల్ల పోయాయని కాగితాల్లో ఉంటుంది. కాగితాలు రాసింది వాళ్లే కదా. అప్పటినుంచి మా శాఖలో మగవాళ్లు దేవుడి ముందు తప్ప ఎక్కడా కండువా దించరు.

దామోదరం మా దాయాది. అతని ముత్తాత, మా ముత్తాత అన్నదమ్ములు. సింగపూరులో ఉంటాడు. మా వంశం వాట్సాప్ గ్రూపులో నలభై ఒక్కమందిమి ఉన్నాం. మే నెలలో ఒక ఉదయం అతను అందరూ చూస్తుండగా ఇలా రాశాడు: “మీ ముత్తాత కండువా దించలేదన్నది నిజమే. ఆ రోజు ఆయన వేసుకోనేలేదు.”

నేను వెంటనే, ఆ కండువా సంగతి మా తాతలు రాసిపెట్టిన పాత కాగితాలవి పదకొండు ఫొటోలు తీసి పంపాను. అవి వెళ్లలేదు. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది. సముద్రంలో ఎక్కడో కేబులు దెబ్బతిన్నదని, ఇంటర్నెట్ నెమ్మదించిందని మర్నాడు పేపర్లో వచ్చింది. అది బాగుపడేవరకు నాలుగు రోజులు దామోదరం మాట అలాగే నిలబడింది. ఐదో రోజు ఫొటోలు వెళ్లేసరికి గ్రూపులో అందరూ ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షల్లో పడిపోయారు.

మా అక్క కూతురు చందన ఇంజనీరు. చెన్నైలో సముద్రపు కేబుళ్లను చూసుకునే ఒక కంపెనీలో పనిచేస్తుంది. కోపంతో దానికి ఫోను చేశాను.

అది పకపకా నవ్వింది. “మామా, ఆ కోపమేదో ఈడికొచ్చి సూపించు. నాకు అక్కరుండాది.”

సంగతేమంటే, పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఇసుకమేట మీద చినకుప్పం అనే ఊరుంది. అక్కడి పడవలు వేటాడే చోటు కింద నుంచే ఒక కేబులు పోతుంది. దాని మీద లంగరు వేయకూడదని ఊరు ఒప్పుకోవాలి. చందన మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ మర్యాదగా కూర్చోబెట్టారు, విన్నారు, చేపల పులుసుతో అన్నం పెట్టి పంపించారు. ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. ఏటా ఎండాకాలంలో ఉండే చేపల వేట నిషేధం జూన్ మధ్యలో ముగుస్తుంది. ఆ తర్వాత పడవలన్నీ సముద్రంలోకి దిగుతాయి.

“ఈ తూరి కూడా ఒప్పుకోకపోతే కంపెనీవాళ్లు మాటలు మానేసి కాపలా పడవలు పెడతారు మామా. పోలీసు కేసులంటారు. ఆ ఊరోళ్ల మీద కేసులు పడితే నేను మళ్లా ఆ ఇసకలో ఏ మొహంతో కాలు పెట్టేది? నువ్వు పెద్దమనిషివి. ఊరికే వచ్చి కూర్చో, చాలు.”

ఊరికే కూర్చోవడం మా వంశానికి కొత్త కాదు. ఒప్పుకున్నాను.

జూన్ మొదటి వారం, గురువారం. ఉదయం 6:40కి చిత్తూరు బస్టాండులో తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్టు ధరలు రాయడం మాకు అలవాటు లేదు. అయినా నా వెనక వెళ్లేవారికి పనికొస్తుందని రాస్తున్నాను: చేతిలో నూట యాభై పెట్టుకోండి, చిల్లర మిగులుతుంది. తోతాపురి మామిడి కాలం కావడంతో జ్యూసు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. బస్సు వాటిని దాటేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా బస్సు నిండా మామిడిపండు వాసనే.

నా పక్కన కూర్చున్న ముసలమ్మ ఒళ్లో పూలబుట్ట ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

“యాడికప్పా, ఇంత ఇస్త్రీ గుడ్డల్లో?”

“సముద్రానికి.”

“అయ్యో. ఎవురు పోయినారు?”

“ఎవరూ పోలేదమ్మా. సముద్రంలో ఒక తీగె ఉంది. దాన్ని కాపాడే పని మీద పోతున్నాను.”

ఆమె బుట్టను పక్కకు జరిపి నా వైపు తిరిగింది. “ఈత వచ్చునా?”

రాదని చెప్పాను. తర్వాత మేమెవరమో, మా పాళెం ఏమిటో కూడా వివరంగా చెప్పాను. పాకాల వచ్చేదాకా వింది. కండక్టరు నా దగ్గర డబ్బులు తీసుకుని, ఆమెకు ఉచిత టికెట్టు ఇచ్చాడు. ఇప్పుడు ఆడవాళ్లు బస్సుల్లో డబ్బు కట్టక్కరలేదు కదా. ఆమె ఆ కాగితాన్ని నా మొహం ముందు ఆడించింది.

“సూడు నాయనా, నువ్వు దుడ్డిచ్చి కూసున్నావు. నేను ఊరికే కూసున్నాను. ఇప్పుడు చెప్పు, జమీందారు ఎవురు?”

తిరుపతిలో 9:10కి దిగాను. బస్టాండులో గుండ్లు చేయించుకున్నవాళ్లు, చేయించుకోబోతున్నవాళ్లు సగం సగం ఉన్నారు. ఎదురుగా చిన్న హోటల్లో నాలుగు ఇడ్లీలు తిన్నాను. చట్నీ బాగుంది, సాంబారు నీళ్లు. 9:50కి సూళ్లూరుపేట బస్సు దొరికింది. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోవద్దు, కాళహస్తి దాకా ఎండంతా అటే ఉన్నట్టు నాకు అనిపించింది.

రేణిగుంటలో ఒక రైతు ఎక్కాడు. కుడిచేయి మోచేతి నుంచి మణికట్టు దాకా వెదురు దబ్బలతో కట్టి ఉంది. ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు నుంచి వస్తున్నాడని అడగనక్కరలేదు. ఆ కట్టు వాసన బస్సంతా పరుచుకుంది. మామిడిచెట్టు మీదనుంచి పడ్డాడట, ఇది రెండో కట్టు. నేను వెళ్లే పని చెబితే చాలా శ్రద్ధగా విన్నాడు.

“తెగితే ఏం చేస్తారు?”

“ఓడ వచ్చి రెండు కొసలూ పైకి లాగి, ఓడ మీదే అతికించి మళ్లీ దించుతుందట.”

“పుత్తూరోళ్లని పిలిచింటే మూడు కట్లలో అతికేసేవోళ్లు,” అన్నాడు. “కట్టేది ఎవరైనా కడతారబ్బా. ఆమీట ఎవురూ లాగకుండా సూసుకునేదే మందు. మా ఆడమనిషి ఊరికే బిందె ఎత్తమంటాది.”

చందన మూడు మీటింగుల్లో ప్రొజెక్టరు పెట్టి చెప్పిందీ ఇదే. ఆయన ఒక బిందెతో చెప్పాడు.

సూళ్లూరుపేట చేరేసరికి ఒంటిగంట దాటింది. స్టేషను దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. గది చిన్నది, శుభ్రంగా ఉంది, ఫ్యాను తిరిగేటప్పుడు ఎవరినో పిలుస్తున్నట్టు అరుస్తుంది. పక్క మెస్సులో భోజనం: సాంబారు, రసం, పొరియలనే వేపుడు కూర, అడగకుండానే అప్పడం. లాడ్జి మేనేజరుకు తీగె సంగతి చెబితే నవ్వాడు. “ఫోను పైనుంచి వస్తాది సార్. రాకెట్లు మా ఊరి మీదనుంచే కదా పొయ్యేది. కిందనుంచి ఎట్లొస్తాది?” అతనికి నచ్చజెప్పలేకపోయాను. తలెత్తి చూస్తే రాకెట్టు కనిపించే ఊరు అది. మడమల కింద ఏముందో వాళ్లకెందుకు?

సాయంత్రం 5:20 చెన్నై లోకల్లో చందన దిగింది. జీన్సు, చొక్కా, వీపున సంచి. సంచిలోంచి కేబులు ముక్క ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. నా మణికట్టంత లావు, బరువు. నల్లటి తొడుగు, లోపల ఇనుప తీగెల చుట్టలు, వాటిలోపల రాగి గొట్టం, దాని లోపల వెంట్రుకల్లాంటి గాజుపోగులు.

“మన మాటలు, ఫొటోలు, బ్యాంకులు, ఆస్పత్రులు, అన్నీ ఆ వెంట్రుకల్లోనే మామా. నడిసముద్రంలో ఇది బొటనవేలంత సన్నగా ఉంటాది. గట్టు దగ్గర లంగరుల భయం కాబట్టి ఇనుము చుట్టి ఇసకలో పూడుస్తారు. అల లాగేసిన చోట బయటపడతాది.”

“ఆ చినకుప్పంవాళ్లు ఇదంతా విని ఏమంటారు?”

“ఏమీ అనరు. మధ్యలో చాప మీద తాంబూలం పళ్లెం పెట్టి కూర్చుంటారు. మేం చెప్పిందంతా వింటారు. ఆమీట అందరూ పళ్లెం వంక సూస్తా కూర్చుంటారు. పూజ ఏమైనా ఉండాదేమో అని మేం దాని జోలికి పోలేదు. మా మేనేజరు ఒక తూరి దాన్ని పక్కకు జరిపి ప్రొజెక్టరు పెట్టినాడు. ఆ రోజు పులుసులో చేప ముక్కలు తక్కువ పడినాయి.”

శుక్రవారం ఉదయం ఆరింటికి ఆటోలో తడ వైపు రేవుకు వెళ్లాం. పులికాట్‌లో రాజహంసల బారులు చూడొచ్చని చిన్నప్పటినుంచి వింటున్నాను. వాటికోసమైతే చలికాలంలో వెళ్లండి. జూన్‌లో నాకు కనిపించినవి రెండు కొంగలు, ఒక గేదె.

చినకుప్పం నుంచి శెల్వం పడవ తెచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, నల్లగా గట్టిగా ఉన్నాడు. అతను ఇంట్లో అరవం, బయట తెలుగు మాట్లాడతాడు. ఎండాకాలం కాబట్టి సరస్సులో నీళ్లు మోకాలు దాటవు. పావుగంటకోసారి పడవ అడుగు తట్టేది.

“దిగాల సార్. తోస్తే గానీ కదలదు.”

చందన జీన్సు మడిచి దిగింది. నేను దిగలేదు. పడవ ఎక్కినవాడు కూర్చోవాలని, నడిపేవాడు నడపాలని నా అభిప్రాయం. వాళ్లిద్దరూ తోస్తుంటే నేను నిటారుగా కూర్చుని తీరాన్ని పరిశీలించాను.

లోతు దొరికాక శెల్వం గడ వేస్తూ తన కథ చెప్పాడు. పోయిన సీజనులో సముద్రంలో అతని లంగరు దేనికో తగులుకుంది. రాయి కాదు, లాగితే కొంచెం లేస్తోంది, మళ్లీ కిందికి గుంజుతోంది. చందన ఇచ్చిన కార్డు పడవలోనే ఉంది: లాగవద్దు, తాడు కోసేయండి, ఈ నంబరుకు చెప్పండి, కొత్త లంగరు ఇస్తాం అని. ఇతను కోయలేదు. ఇంకో పడవను పిలిచి రెండు ఇంజన్లతో లాగాడు. లంగరు వచ్చింది. దాని కొక్కేనికి నల్లటి తొడుగు ముక్క ఒకటి వేలాడుతూ వచ్చింది.

“ఆ ఇంటర్నెట్టు ఆగిందానికి ఇదే కారణమా?” అని చందనను అడిగాను.

“కాదు మామా. అది మే నెలలో, వేట లేనప్పుడు. యాడో పెద్ద ఓడ లంగరు. కానీ శెల్వన్న లంగరు ఇంకో అంగుళం లోపలికి పోయింటే అదే జరిగేది.”

నాకు శెల్వం మీద కోపం వచ్చింది. “ఒక ఇనపముక్క కోసం అంత పని చేశావా? కొత్తది ఇస్తామన్నారు కదా.”

అతను గడ ఆపాడు. “ఇనుము కాదు సార్. అది మా నాయన లంగరు. లంగరు లేకుండా గట్టుకొస్తే ఊరంతా నవ్వుతాది. ‘సముద్రాన్ని చూసి పరిగెత్తి వచ్చినాడు’ అంటారు. మా సిన్నాయన ఒకాయన అట్ల వదిలేసి వచ్చినాడు, ముప్పై ఏళ్లాయ. ఇప్పటికీ ఆయన పేరు ఎవురికీ తెలీదు. ‘లంగరు లేనాయన’ అంటేనే తెలుస్తాది.”

“పరువు అంటూ పట్టుకుని లాగితే అవతల వేరేవాళ్లది తెగుతుంది. ఇనపముక్కే కదా. కోసేస్తే పోయేదేమిటి?” అన్నాను.

శెల్వం నా మాట విని, నా కండువా వంక చూసి, మళ్లీ గడ వేశాడు. నాకు అప్పుడేమీ అనిపించలేదు.

ఎనిమిదిన్నరకు చేరాం. నిషేధం రోజులు కావడంతో పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. ఊరికి చివర తాటాకుల పాకలో వలలు బాగుచేసుకుంటారు. మీటింగు అక్కడే. పదింటికి ముప్పైమంది దాకా వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్లు పాక బయట నీడలో నిలబడ్డారు. ఊరి పెద్ద పేరు ఆరుముగం. డెబ్బై ఏళ్లుంటాయి. వేళ్లు తాళ్లలా మెలితిరిగి ఉన్నాయి. నాకు ఉన్న ఒకే ఒక కుర్చీ వేశారు. వీళ్లకు మనిషి విలువ తెలుసనుకున్నాను.

చందన మాట్లాడింది. ఈసారి ప్రొజెక్టరు లేదు. కేబులు ముక్కను చేతి నుంచి చేతికి పంపింది. సముద్రంలో గీత ఎటునుంచి ఎటు పోతుందో ఇసుకలో కాలివేలితో గీసింది. అందరూ విన్నారు. అది ముగించాక, అది చెప్పినట్టే, అందరూ చాప మీది పళ్లెం వంక చూస్తూ కూర్చున్నారు. ఇత్తడి పళ్లెం, తమలపాకులు, వక్కలు, ఒక నిమ్మకాయ.

ఇక్కడ నేను చేసిన పని గురించి ఉన్నదున్నట్టు రాస్తాను. తాంబూలం పళ్లెం కనిపిస్తే, అది నాకే అని చేయి చాచడం నాకు పుట్టుకతో వచ్చింది. ఇంతసేపూ ఎవరూ అందివ్వకపోవడం కొంచెం మొరటుతనం అనుకున్నాను, పెద్దమనసుతో క్షమించాను. లేచి వెళ్లి, వీలైనంత తక్కువ వంగి, హుందాగా పళ్లెం ఎత్తుకుని, వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

పాక అంతా ఒక్కసారిగా గోల. ఆడవాళ్లు లోపలికి వచ్చేశారు. “ఎత్తినారు! పళ్లెం ఎత్తినారబ్బా!” అని ఎవరో బయటికి కేక వేశారు. ఆరుముగం లేచి నిలబడ్డాడు. నేను సంతోషంగా ఒక ఆకు తీసుకుని తొడిమ తుంచాను.

“ఇంకా కాదు పెద్దాయనా,” అన్నాడు ఆరుముగం. “అడిగినాక నమలాల.”

“ఏమడగాలి?”

“అదే మేమూ కాచుకోనుండాము. మూడు తూర్లుగా.”

అప్పుడు విడమరిచి చెప్పాడు. ఆ ఊళ్లో దురాయి అంటే ఊరి కట్టుబాటు. ఒకసారి వేస్తే పోలీసులు అక్కరలేదు, ఎవరూ దాటరు. కానీ దురాయి కావాలని ఒక మనిషి అడగాలి. కాగితం కాదు, కంపెనీ కాదు, మనిషి. ఎవరు పళ్లెం ఎత్తితే వాళ్లే అడిగే మనిషి. మాట తప్పితే ఊరు ఎవరి ఇంటికి పోయి అడగాలో అప్పుడు తెలుస్తుంది. మూడుసార్లు పెట్టారు. ఎవరూ ఎత్తలేదు. వీళ్లకు నిజంగా అక్కరలేదు కాబోలు అని అన్నం పెట్టి పంపారు.

“ముందే చెప్పి ఉండొచ్చు కదా!” అంది చందన, దాదాపు ఏడుపు గొంతుతో.

“ఎత్తమని మేమే చెప్పి ఎత్తిస్తే అది అడిగినట్టు ఎట్లయితాదమ్మా?” అన్నాడు ఆరుముగం. తర్వాత నా వైపు తిరిగాడు. “కుర్చీ దిగండి. కండువా తీసి నడుముకు కట్టండి. మేం కూర్చుంటాం, మీరు నిలబడి అడగండి.”

నేను నెమ్మదిగా అన్నాను: “పళ్లెం కింద పెట్టేస్తే?”

“పెట్టేయొచ్చు. ఈ యేటికి మాట ముగిసినట్టే.”

చందన నన్ను బతిమాలలేదు. బతిమాలి ఉంటే కోప్పడి ఉండేవాడిని, పని సులువయ్యేది. అది తల దించుకుని ఇసుకలో తను గీసిన గీతను చూస్తోంది. ఎవరిదో కోడి ఆ గీతను తొక్కుకుంటూ పోయింది. నా తలలో మా ముత్తాత, కలెక్టరు దొర, నలభై ఒక్కమంది, వాళ్లలో ముఖ్యంగా ఒకడు.

అప్పుడు జనంలోంచి శెల్వం గొంతు వినిపించింది. చాలా మర్యాదగా అన్నాడు:

“గుడ్డముక్కే కదా పెద్దాయనా. తీసేస్తే పొయ్యేదేముండాది?”

పడవలో నేనన్న మాట ఊరందరికీ అప్పటికే చేరిపోయినట్టుంది. పాక కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. లంగరు లేనాయన కూడా నవ్వాడు. ఆయన ఎవరో నాకు ఎవరూ చూపించలేదు. అందరికంటే ఆలస్యంగా, పక్కవాళ్లను చూసుకుని నవ్విన ముసలాయన ఆయనే అయి ఉంటాడు.

ఆ నవ్వు చూశాక నేను కుర్చీ దిగాను. కండువా తీశాను. ఎలా కట్టుకోవాలో తెలియలేదు, ఎప్పుడూ కట్టలేదు కదా. ఆరుముగం భార్య ముందుకొచ్చి, “ఇట్ల కాదు సామీ” అని ముడి సరిచేసింది.

అడిగాను. తీగె గీత మీద లంగరు వేయవద్దని అడిగాను. పొరపాటున తగులుకుంటే లాగకుండా తాడు కోసి రమ్మని అడిగాను. అక్కడితో ఆగాలి. కానీ ఆ ముసలాయన కనిపిస్తున్నాడు.

“ఇంకొకటి,” అన్నాను. “లంగరు వదిలి వచ్చినవాడిని చూసి నవ్వకండి.”

ఆరుముగం తల గోక్కున్నాడు. “మొదటి రెండూ సులువు. లంగరు వేయొద్దంటే వేయం. నవ్వొద్దని దురాయి యాడేసేది? మా ఆడోళ్ల నోళ్లు మీకు తెలీదు.”

“మీ మొగోళ్ల నోళ్లో?” అంది ఆయన భార్య.

“నేను చెబుతాను,” అన్నాను. “మా పాళెం పోయింది. ఊళ్లు పోయాయి. బెల్లం దుకాణం వెనక ఉంటున్నాను. అయినా మా ఊరి జాతరలో నన్ను చూసి ఎవరూ నవ్వరు. ఎందుకంటే తొలి తాంబూలం నాది. తీగె కోసం లంగరు వదిలి వచ్చినవాడికి మీ గంగమ్మ జాతరలో తొలి తాంబూలం ఇవ్వండి. ఆ చేతిలో పళ్లెం ఉండగా ఎవరు నవ్వుతారో చూద్దాం.”

అరగంట అరవంలో వాదించుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కండువా మాత్రం నడుముకే ఉంది. చివరికి ఆరుముగం నా దగ్గరికి వచ్చి, పళ్లెంలోంచి ఒక ఆకు తీసి నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి ఒక్కో ఆకు తీసుకున్నారు. దురాయి పడింది. ఒకతను తప్పెట వాయించుకుంటూ పడవల బారు పొడవునా చాటింపు వేశాడు. ఆ ముసలాయన ఆకు తీసుకుని, నమలకుండా, బొడ్లో దోపుకుని వెళ్లాడు.

“నేను ఆ దినం తాడు కోసింటే నాకే వచ్చుండేది,” అన్నాడు శెల్వం దిగులుగా.

“ఇంకో మాట,” అన్నాడు ఆరుముగం. “దురాయి ఏడాదికే. వచ్చే యేడు వేటకు ముందు మళ్లా పళ్లెం పెడతాం. ఎత్తాల్సింది మీరే. ఈ అమ్మాయో, కంపెనీవాళ్లో వస్తే చెల్లదు.”

భోజనంలో రొయ్యల వేపుడు, చేపల పులుసు. ముక్కలు లెక్క పెట్టలేదు గానీ పులుసు కంటే ముక్కలే ఎక్కువ. వెళ్లేవారికి సూచన: చినకుప్పంలో హోటలు లేదు, కానీ ఆకలితో ఎవరూ తిరిగి రారు.

ఒంటిగంటన్నరకు తిరుగు పడవ. రెండోసారి అడుగు తట్టినప్పుడు శెల్వం నావైపు చూడనుకూడా చూడలేదు. నేను చెప్పులు విప్పి దిగాను. బురద గోరువెచ్చగా, పిండిలా ఉంది. పడవ తోయడం అనుకున్నంత కష్టం కాదు, నడుముకు కండువా ఉంటే పంచె ఎగదోపుకోవడానికి వీలుగా కూడా ఉంటుంది.

సూళ్లూరుపేట స్టేషనులో చందన లోకలు కోసం ఆగింది. ఫోనులో ఒక ఫొటో చూపించింది. పళ్లెం పట్టుకుని, నడుముకు కండువాతో, నోరు తెరుచుకుని నేను.

“ఇది మా ఆఫీసుకు పంపుతాను మామా. మన గ్రూపులో మటుకు పెట్టనులే. దామోదరం మామ ఊరుకోడు.”

“నాకు పంపు. నేనే పెడతాను.”

అది వంగి నా కాళ్లకు అంటిన బురదను తన రుమాలుతో తుడిచింది.

నాలుగున్నరకు తిరుపతి బస్సు. ఈసారి ఎండ లేని వైపు కిటికీ పక్కన కూర్చున్నాను. నాయుడుపేట దాటాక ఫొటో గ్రూపులో పెట్టాను. కింద ఏమీ రాయలేదు. చక్రం తిరగలేదు, వెంటనే వెళ్లింది. దామోదరం చూసినట్టు తెలిసింది. ఏదో రాస్తున్నాడని తెర చూపించింది, ఆగింది, మళ్లీ రాస్తున్నాడు. కాళహస్తి గోపురం కనిపించేదాకా రాస్తూనే ఉన్నాడు. చివరికి వచ్చింది ఇంతే:

“మీ ముత్తాత కలెక్టరు దొర ముందే దించలేదు కదరా. నువ్వు పట్టుకెళ్లి చేపలోళ్ల ముందు దించినావా?”

రెండుసార్లు చదివాను. మా ముత్తాత కండువా కథ నిజమని, పదకొండు ఫొటోలు పంపినా అతను ఒప్పుకోని మాట అది. గ్రూపులో నలభై ఒక్కమందీ చూశారు. జవాబు రాయబోయి, ఫోను జేబులో పెట్టేశాను. ఆ మాట సముద్రం కిందనుంచి ఎక్కడా తెగకుండా వచ్చింది. దానిమీద నేను లంగరు వేయదలచుకోలేదు.

రేణిగుంటలో దిగేవాళ్లు దిగుతుంటే పక్కసీటాయన అడిగాడు: “ఏం పెద్దాయనా, కండువా నడుముకు కట్టుకున్నారు, యాడన్నా పనిలోకి పోతా ఉండారా?”

“అవునబ్బా,” అన్నాను. “ఏడాదికి ఒకరోజు పని.”